కీలుకు బిగించిన కడ్డీ, స్ప్రింగు, దిమ్మ: ఆవర్తన కాలంలోకి ఆ మూడో వంతు ఎలా వచ్చింది?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్లస్‌టూ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి పంపిన ప్రశ్న ఇది. ఘర్షణ లేని బల్ల మీద 1.2 కిలోగ్రాముల ద్రవ్యరాశి, 1 మీటరు పొడవు గల ఏకరీతి కడ్డీ ఉంది. దాని ఒక చివరను బల్లకు కీలుతో బిగించారు కనుక కడ్డీ ఆ కీలు చుట్టూ తిరగగలదే తప్ప పక్కకు జరగలేదు. రెండో చివర నుంచి, కడ్డీకి లంబంగా, మీటరుకు 80 న్యూటన్ల బల స్థిరాంకం గల తేలికైన స్ప్రింగు సాగి, 0.4 కిలోగ్రాముల దిమ్మకు తగులుకొని ఉంది. స్ప్రింగును కొద్దిగా సాగదీసి, కడ్డీని, దిమ్మను ఒకేసారి వదిలితే డోలనాల ఆవర్తన కాలం, అంటే ఒక పూర్తి డోలనానికి పట్టే సమయం, ఎంత? ఆ విద్యార్థికి 0.444 సెకన్లు వచ్చింది, పక్కన కూర్చునే మిత్రుడికి 0.385 వచ్చింది, పుస్తకం వెనుక మాత్రం 0.314 అని ఉంది. సూత్రంలో కడ్డీ ద్రవ్యరాశికి బదులు అందులో మూడో వంతు కనిపిస్తున్నదనీ, అది ఎందుకో ఎవరూ చెప్పలేదనీ రాశారు.

ముందుగా మీ ఇద్దరి జవాబులు ఎలా వచ్చాయో చూద్దాం, ఎందుకంటే రెండూ ఆలోచించి చేసిన తప్పులే. మీరు కడ్డీని గోడలా తీసుకున్నారు. స్ప్రింగు ఒక చివర కదలకుండా ఉంటే ఆవర్తన కాలం 2పై × √(0.4/80), అంటే 0.444 సెకన్లు. కానీ కీలు దగ్గర మాత్రమే కదలని కడ్డీ, స్ప్రింగు తగిలిన చివర చక్కగా కదులుతుంది. మీ మిత్రుడు కడ్డీ కదులుతుందని గుర్తించారు గాని, దాన్ని 1.2 కిలోగ్రాముల మరో దిమ్మగా భావించి, రెండు దిమ్మల మధ్య స్ప్రింగుకు వాడే రెడ్యూస్డ్ మాస్ (రెండు ద్రవ్యరాశుల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది) సూత్రంలో ఆ విలువను వేశారు. కడ్డీలోని ప్రతి ముక్కా ఒకే వేగంతో కదిలితే అది సరిపోయేది. ఇక్కడ కీలు దగ్గరి ముక్క దాదాపు కదలదు, కొనలోని ముక్క అన్నిటికన్నా వేగంగా కదులుతుంది. కాబట్టి ఈ లెక్కలో మొదట అడగవలసిన ప్రశ్న కడ్డీ ద్రవ్యరాశి ఎంత అని కాదు. స్ప్రింగు పట్టుకున్న చోట, స్ప్రింగు లాగే దిశలో, ఆ కడ్డీ ఎంత జడత్వం చూపుతుంది అన్నదే అసలు ప్రశ్న. జడత్వం అన్న మాట మీ ఒడియా పాఠాల్లోనూ ఇదే అర్థంతో ఉంది కనుక దాన్నే పట్టుకొని ముందుకు వెళ్దాం.

గుర్తులను తెలుగు అక్షరాలతోనే రాస్తాను. దిమ్మ ద్రవ్యరాశి ద, కడ్డీ ద్రవ్యరాశి క, కడ్డీ పొడవు ప, స్ప్రింగు బల స్థిరాంకం స. దిమ్మ నుంచి కడ్డీ కొన వైపుకు పోయే దిశను ధనాత్మకంగా తీసుకుందాం. కొన జరిగిన దూరంలోంచి దిమ్మ జరిగిన దూరాన్ని తీసివేస్తే స్ప్రింగు సాగుదల వస్తుంది. దానిని సా అందాం. సాగిన స్ప్రింగు దిమ్మను ముందుకు లాగుతుంది, కొనను వెనక్కి లాగుతుంది, రెండు బలాల పరిమాణమూ స × సా.

దిమ్మ విషయంలో చేయవలసిందేమీ లేదు:

దిమ్మ త్వరణం = స × సా / ద

కడ్డీ విషయంలో బలాన్ని ద్రవ్యరాశితో భాగించే హక్కు మనకు లేదు, ఎందుకంటే దాని మీద స్ప్రింగు బలంతో పాటు కీలు ప్రయోగించే తెలియని బలం కూడా పనిచేస్తోంది. ఆ తెలియని బలాన్ని తప్పించుకోవడానికే కీలు గురించి టార్కు, అంటే బలం తిప్పే ప్రభావం, తీసుకుంటాం. కీలు బలం ఆ బిందువు గుండానే పోతుంది కనుక దాని టార్కు సున్నా. చివరి బిందువు గురించి ఏకరీతి కడ్డీ జడత్వ భ్రామకం, అంటే తిరగడానికి అది చూపే జడత్వం, క × ప² / 3. స్ప్రింగు టార్కు స × సా × ప, అది కొనను వెనక్కి తిప్పేది కనుక రుణాత్మకం. కోణీయ త్వరణాన్ని ప తో గుణిస్తే కొన త్వరణం వస్తుంది కాబట్టి,

కొన త్వరణం = − 3 × స × సా / క

ఈ వరుస దగ్గర ఒక నిమిషం ఆగండి. ఒక బలం ఒక బిందువు మీద పనిచేసింది, ఆ బిందువు ఒక త్వరణం పొందింది, బలాన్ని త్వరణంతో భాగిస్తే క/3 వచ్చింది. స్ప్రింగుకు కడ్డీ పొడవు తెలియదు, కీలు ఉన్నదనీ తెలియదు. తన కొనకు 0.4 కిలోగ్రాముల దిమ్మ తగిలించినట్టే దానికి అనిపిస్తుంది. మీరు అడిగిన మూడో వంతు పుట్టింది ఇక్కడే. దీన్ని శక్తి లెక్కలోనూ చూడవచ్చు. కడ్డీని చిన్న ముక్కలుగా ఊహించుకుంటే ఒక్కో ముక్క వేగం కీలు నుంచి దాని దూరానికి అనుపాతంలో ఉంటుంది, దాని గతిశక్తి ఆ దూరపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. సున్నా నుంచి ఒకటి దాకా సమానంగా పెరిగే రాశి వర్గాల సగటు మూడో వంతు. చాలామంది పిల్లలు ద్రవ్యరాశి కేంద్రం వేగం కొన వేగంలో సగం కదా అని దాని వర్గం, అంటే నాలుగో వంతు, వేసి ఆగిపోతారు. కేంద్రం చుట్టూ కడ్డీ తిరగడం వల్ల వచ్చే పన్నెండో వంతును కూడా కలిపితేనే మూడో వంతు పూర్తవుతుంది.

ఇప్పుడు కొన త్వరణం నుంచి దిమ్మ త్వరణాన్ని తీసివేస్తే సాగుదల ఎలా మారుతుందో తెలుస్తుంది:

సాగుదల త్వరణం = − స × (1/ద + 3/క) × సా

త్వరణం స్థానభ్రంశానికి అనుపాతంలో, వ్యతిరేక దిశలో ఉంది కనుక ఇది సరళ హరాత్మక చలనం. కోణీయ పౌనఃపున్యపు వర్గం స × (1/ద + 3/క), అంటే 80 × (2.5 + 2.5) = 400. కోణీయ పౌనఃపున్యం సెకనుకు 20 రేడియన్లు, ఆవర్తన కాలం 2పై/20, అంటే 0.314 సెకన్లు. అక్షరాలతో రాస్తే,

ఆవర్తన కాలం = 2పై × √[ ద × క / (స × (క + 3ద)) ]

సూత్రం వచ్చాక దానికి రెండు పరీక్షలు పెట్టండి. కడ్డీ ఎంతో బరువైతే ఇది 2పై × √(ద/స) అవుతుంది. అంటే మీరు ఊహించిన గోడ అప్పుడు నిజమవుతుంది. దిమ్మ ఎంతో బరువైతే 2పై × √(క/3స) వస్తుంది, అంటే స్ప్రింగుకు కట్టిన కడ్డీ ఒక్కటే ఊగుతుంది. ఈ రెండు కొసల్లో ఏదైనా తేడా వస్తే మధ్యలో ఎక్కడో తప్పు జరిగిందని తెలుసుకోవచ్చు.

ఈ లెక్క అంకెలను నేనే ఇచ్చి ఉంటే కూడా ఇవే ఎంచుకునేవాణ్ణి, ఎందుకంటే ఇందులో క/3 సరిగ్గా ద కు సమానం. స్ప్రింగు రెండు కొనలూ సమాన జడత్వం గల వస్తువులకు తగిలి ఉన్నాయి కనుక అవి ఎదురెదురుగా సమాన దూరాలు కదులుతాయి, స్ప్రింగు నట్టనడి చుట్టు కదలకుండా ఉంటుంది. కదలని చోట స్ప్రింగును కోసి గోడకు బిగించినట్టు ఊహించినా చలనం మారదు. సగం స్ప్రింగు బల స్థిరాంకం రెట్టింపు, అంటే 160. అప్పుడు దిమ్మ ఆవర్తన కాలం 2పై × √(0.4/160), మళ్లీ 0.314 సెకన్లే. నేను తరగతిలో ఈ పద్ధతినే ముందు చెప్పి, సమీకరణాలను తరువాత చేయించేవాణ్ణి. జడత్వాలు సమానంగా లేనప్పుడు ఆ నిశ్చల బిందువు బరువైన వైపుకు జరుగుతుంది. దిమ్మ నుంచి దాని దూరం స్ప్రింగు పొడవులో (క/3) / (ద + క/3) వంతు.

కీలు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్కలో మరో తప్పు జవాబు కూడా తరచుగా వస్తుంది. బల్ల మీద ఘర్షణ లేదు కనుక ద్రవ్యవేగ నిత్యత్వం వర్తిస్తుందని తీసుకొని, దిమ్మ ద్రవ్యవేగానికి కడ్డీ కేంద్రపు ద్రవ్యవేగాన్ని సమానం చేస్తారు. అప్పుడు కొన దగ్గర జడత్వం క/2 అయి, ఆవర్తన కాలం 0.344 సెకన్లు వస్తుంది. ఇది చెల్లదు. కీలు బయటి నుంచి బలం ప్రయోగిస్తున్నప్పుడు ద్రవ్యవేగం నిలవదు. కీలు గురించి కోణీయ ద్రవ్యవేగం మాత్రమే నిలుస్తుంది. ఆ బలం ఎంతో కూడా కట్టి చూద్దాం. స్ప్రింగు కొనను బ అనే బలంతో లాగితే కొన త్వరణం 3బ/క, కేంద్రపు త్వరణం అందులో సగం, దాన్ని క తో గుణిస్తే కడ్డీ మీద మొత్తం బలం 1.5బ కావాలి. స్ప్రింగు ఇచ్చింది బ మాత్రమే. మిగిలిన సగం బ కీలు ఇచ్చింది, అదీ స్ప్రింగు లాగిన దిశలోనే. కీలు ఎప్పుడూ అడ్డుపడుతుందే గాని సాయం చేయదని అనుకునేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు.

నమ్మకం కలగాలంటే నునుపైన గచ్చు మీద ఒక రోకలిని పడుకోబెట్టి, ఒక చివరను అడ్డంగా కాలితో తన్నండి. తన్నిన చివర ముందుకు పోతుంది, రెండో చివర వెనక్కి వస్తుంది. ఏ కీలూ లేని ఏకరీతి కడ్డీకి ఇది లెక్కలోనూ కనిపిస్తుంది: కొన ఎంత వేగంతో ముందుకు పోతుందో, అవతలి చివర అందులో సగం వేగంతో వెనక్కి వస్తుంది. ఆ వెనక్కి వచ్చే చివరను రాకుండా ఆపడమే కీలు చేసే పని, ఆపాలంటే దాన్ని ముందుకే నెట్టాలి. అందుకే కీలు బలం స్ప్రింగు బలంతో ఒకే దిశలో ఉంది.

రోకలి ఉదాహరణ మరో లెక్కకు కూడా దారి చూపుతుంది. ఇదే ప్రశ్నలో కీలు తీసివేసి, కడ్డీని బల్ల మీద స్వేచ్ఛగా వదిలితే కొన త్వరణంలో రెండు భాగాలుంటాయి: కేంద్రం మొత్తంగా జరగడం వల్ల బ/క, కేంద్రం చుట్టూ తిరగడం వల్ల 3బ/క. మొత్తం 4బ/క కనుక కొన దగ్గర జడత్వం క/4, అంటే 0.3 కిలోగ్రాములు. ఆవర్తన కాలం 2పై × √[ద × క / (స × (క + 4ద))], విలువ 0.291 సెకన్లు. స్ప్రింగును కడ్డీ నట్టనడుమ తగిలిస్తే కడ్డీ తిరగనే తిరగదు, అప్పుడు జడత్వం పూర్తి క, జవాబు మీ మిత్రుడి 0.385. స్ప్రింగు కడ్డీ వెంబడి, అంటే లంబంగా కాక ఒకే రేఖలో తగిలి ఉన్నా అంతే.

కీలు ఉంచి, స్ప్రింగును కీలు నుంచి అ దూరంలో తగిలించారనుకోండి. అక్కడ జడత్వం క × ప² / (3 × అ²). కడ్డీ సగంలో తగిలిస్తే అది 1.6 కిలోగ్రాములు, అంటే కడ్డీ అసలు ద్రవ్యరాశి కన్నా ఎక్కువ. ఆవర్తన కాలం 0.397 సెకన్లు. కీలుకు దగ్గరయ్యే కొద్దీ జడత్వం అంతులేకుండా పెరిగి, ఆవర్తన కాలం మీ 0.444 వైపు నడుస్తుంది. తలుపును గడియ దగ్గర వేలితో నెట్టగలిగి, కీలు పక్కన నెట్టాలంటే భుజం ఆనించవలసి వచ్చేది ఇందుకే. జడత్వం సరిగ్గా 1.2 అయ్యే చోటు కూడా ఒకటి ఉంది, కీలు నుంచి ప/√3 దూరంలో, సుమారు 57.7 సెంటీమీటర్ల దగ్గర. అందుచేత మీరిద్దరూ రాసినవి ఇదే అమరికలో వేరే చోట్లకు చెందిన జవాబులు, స్ప్రింగు తగిలిన చోటును చూడకుండా రాయడం వల్ల తప్పాయి.

ప్రశ్నలో రెండు మాటలను అందరూ చదివి వదిలేస్తారు, వాటి పని కూడా చెబుతాను. ‘కొద్దిగా సాగదీసి’ అన్నది కడ్డీ కొన వృత్తచాపం మీద కదులుతుంది కనుక. కొన 5 సెంటీమీటర్లు కదిలితే అది సరళరేఖ నుంచి పక్కకు తప్పేది సుమారు 1.25 మిల్లీమీటర్లు, దాన్ని వదిలేయవచ్చు. ‘ఒకేసారి వదిలితే’ అన్నది మొదట కోణీయ ద్రవ్యవేగం సున్నా అని చెప్పడానికి. స్ప్రింగును సాగదీయకుండా దిమ్మను మాత్రం సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో కొనవైపు తోశారనుకోండి. డోలనం అదే ఆవర్తన కాలంతో సాగుతుంది, కానీ దిమ్మా, కొనా కలిసి సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున పక్కకు జరిగిపోతూ ఉంటాయి. మూడు సెకన్లలో కొన 30 సెంటీమీటర్లు పోతుంది, కడ్డీ బాగా తిరిగిపోతుంది, స్ప్రింగు ఇక లంబంగా ఉండదు, మనం రాసిన సమీకరణం అక్కడితో చెల్లదు.

ఇదంతా పడుకున్న కడ్డీ సంగతి. కడ్డీ పై చివరను కీలుతో బిగించి, నిలువుగా వేలాడదీసి, కింది కొనను నేల మీది దిమ్మకు అడ్డంగా స్ప్రింగుతో కలిపితే చూడటానికి అదే లెక్కలా ఉంటుంది, నిజానికి అది వేరే లెక్క. ఇప్పుడు గురుత్వాకర్షణ కూడా కడ్డీని మధ్యకు లాగుతుంది. కొన దగ్గర దాని బల స్థిరాంకం క × గ / (2 × ప), ఇక్కడ గ గురుత్వ త్వరణం. సాగుదల ఒక్కటే తెలిస్తే చాలదు, కొన స్థానం కూడా విడిగా తెలియాలి. రెండు సమీకరణాలనూ కలిపితే కోణీయ పౌనఃపున్యపు వర్గానికి (దాన్ని వ అందాం) ఒక వర్గ సమీకరణం వస్తుంది:

వ² − (స/ద + 3స/క + 3గ/2ప) × వ + 3 × స × గ / (2 × ద × ప) = 0

మన అంకెలతో, గ ను 9.8 గా తీసుకుంటే, వ² − 414.7వ + 2940 = 0. దీనికి రెండు మూలాలు: సుమారు 407.5, 7.2. కాబట్టి ఆవర్తన కాలాలు కూడా రెండు, 0.311 సెకన్లు, 2.34 సెకన్లు. వేగవంతమైన దానిలో కొన, దిమ్మ ఎదురెదురుగా కదులుతాయి; అది బల్ల మీది జవాబుకు చాలా దగ్గరగా ఉంది, ఎందుకంటే స్ప్రింగు ముందు గురుత్వాకర్షణ ఇక్కడ బలహీనమైనది. నెమ్మదైన దానిలో రెండూ కలిసి ఒకే వైపుకు ఊగుతాయి. స్ప్రింగును బిగుసుకున్న కర్రగా భావించి, 0.8 కిలోగ్రాముల జడత్వం, మీటరుకు 5.88 న్యూటన్ల స్థిరాంకం వేస్తే 2.32 సెకన్లు వస్తుంది. అసలు విలువ దానికి దగ్గరే. ఇలాంటి అమరిక ఇచ్చి ‘ఆవర్తన కాలం ఎంత’ అని ఏకవచనంలో అడిగితే, ఏ తీరు చలనం గురించి అడుగుతున్నారో ప్రశ్నలో ఉందేమో చూడండి. ‘దిమ్మా కొనా ఎదురెదురుగా’ వంటి మాట లేకపోతే రెండు విలువలూ రాయడమే సరైన జవాబు.

పరీక్షలో తరచుగా వచ్చే మరో అమరికలో కడ్డీ అడ్డంగా ఉండి, దిమ్మ దాని కొనకే అతికి ఉంటుంది, స్ప్రింగు కీలు నుంచి అ దూరంలో కడ్డీని నేలకు కలుపుతుంది. అక్కడ కదిలేది ఒక్క కోణమే. దిమ్మ, కడ్డీల జడత్వ భ్రామకాలను కూడి స × అ² తో భాగించి, వర్గమూలం తీసి, 2పై తో గుణిస్తే సరిపోతుంది. గురుత్వాకర్షణ సమతాస్థితిని కిందికి దించుతుంది గాని ఆవర్తన కాలాన్ని మార్చదు.

ఇదంతా కాగితం మీద చదివి ఒప్పుకోవద్దు, చేసి చూడండి. సరిహద్దుకు ఇవతల పాతపట్నం వైపు ఉన్న పిల్లలతో నేను వేలాడే కడ్డీ అమరికనే చేయించేవాణ్ణి, ఎందుకంటే ఘర్షణ లేని బల్ల ఎవరి దగ్గరా ఉండదు. మీటరు పొడవు ఇనుప కడ్డీని తలుపు కీలుతో చట్రానికి వేలాడదీసి, దిమ్మకు బదులు తేలికగా తిరిగే చక్రాల చిన్న బండి పెట్టి, దాని మీద తూకపు రాళ్లు వేసి, బండితో కలిపి ద్రవ్యరాశి కడ్డీ ద్రవ్యరాశిలో మూడో వంతు అయ్యేలా సరిచేయండి. స్ప్రింగు నట్టనడి చుట్టుకు ఎర్ర దారం ముక్క కట్టండి. కొనను, బండిని చెరో చేత్తో పట్టుకొని సమానంగా దూరం లాగి, ఒకేసారి వదలండి. కడ్డీ, స్ప్రింగు మన లెక్కలోని అంకెలకు దగ్గరగా ఉంటే వచ్చే 0.31 సెకన్లను చేతి గడియారంతో పట్టుకోవడం కష్టం కనుక ఫోనులో సెకనుకు 240 చిత్రాలు తీసే స్లో మోషన్ పెట్టండి; ఒక డోలనానికి సుమారు 75 చిత్రాలు రావాలి. పది డోలనాలు దొరక్కపోయినా నాలుగైదు దొరికితే చాలు, చక్రాల ఘర్షణ వాటిని ఆ తరువాత అణచివేస్తుంది. ఎర్ర దారం దాదాపు నిలకడగా ఉండి, దానికి అటూ ఇటూ ఉన్న చుట్లు దగ్గరవుతూ, దూరమవుతూ కనిపిస్తాయి. తరువాత బండి మీద తూకపు రాళ్లు రెట్టింపు చేసి మళ్లీ వదలండి, ఈసారి దారం కూడా కదులుతుంది. కదలని చుట్టును వెతికి, అది బండి వైపుకు ఎంత జరిగిందో స్కేలుతో కొలిచి, పైన చెప్పిన నిష్పత్తితో పోల్చి చూడండి.